ఈ వేసవిలో సారాంశం రాయించొద్దు!

మన ఊరి అమ్మానాన్నలకూ, అమ్మమ్మలకూ తాతయ్యలకూ, బడి టీచర్లకూ, ట్యూషను మాస్టార్లకూ, అందరికన్నా ముందు ఆరు నుంచి పది దాకా చదువుతున్న పిల్లలకూ గ్రంథాలయం పాఠకుల విన్నపం

బడులు మూసేశారు. మళ్లీ తెరిచేది జూన్ 12న. ఈలోగా పిల్లలు ఫోను పక్కన పడేసి నాలుగు పుస్తకాలు చదవాలని మీరంటున్నారు, మేమూ అంటున్నాం. అక్కడిదాకా తగువు లేదు. చదివాక ఏం చెయ్యాలన్న దగ్గరే మా పేచీ.

ఇప్పుడు చేయిస్తున్నదేమిటి? తెల్లకాయితం ఒకటి చేతికిస్తాం. పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురించినవారు, వెల, పాత్రలు, సారాంశం, నీతి. మార్జిను కొట్టి, శీర్షికలు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి, కింద రెండేసి గీతలు గీసి ఇవన్నీ నింపితే 'పుస్తక సమీక్ష' అయిపోయినట్టే. మార్కులు కూడా ఉంటాయి కాబట్టి ఎవరూ ఎగ్గొట్టరు. గైడులో ఒకటి దొరుకుతుంది. దాన్ని ఒకరు ఎక్కించుకుంటే వాళ్ల దగ్గర్నుంచి తరగతి తరగతంతా ఎక్కించుకుంటుంది. పుస్తకం తెరవక్కర్లేదు, అట్ట చూస్తే చాలు. ఇక ఆ చివరి గడి ఉంది చూశారూ, నీతి! 'మంచి చేస్తే మంచే జరుగుతుంది' అని రాసి పడేస్తే ఏ పుస్తకానికైనా సరిపోతుంది. ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్విన పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, అందులో నీతి రాయమనడం ఎంత అన్యాయం! ప్రయివేటు మాస్టార్ల గురించి బుడుగు ఏమనుకుంటాడో చదివినవాళ్లకి తెలుసు. నీతి అడిగిన మాస్టారికి వాడు ఏ గతి పట్టించేవాడో మేం చెప్పక్కర్లేదు.

టీచర్లని ఆడిపోసుకోవడానికి కాదు ఈ మాట. కట్టలకొద్దీ నోటుబుక్కులు దిద్దాల్సినవాళ్లు దిద్దడానికి తేలికైన పద్ధతినే పట్టుకుంటారు. కానీ ఇది వేసవి. దిద్దేవాళ్లూ లేరు, మార్కులూ లేవు. ఇప్పుడైనా ఆ కాయితం జోలికి పోకుండా ఉందాం.

పుస్తకం పిల్లలతో మాట్లాడింది కదా, పిల్లలు దానికి బదులు చెప్పాలి. వాదించాలి, వెక్కిరించాలి, పాడాలి, బొమ్మ గియ్యాలి, ఒప్పుకోకపోతే పోట్లాడాలి, ముగింపు నచ్చకపోతే మార్చెయ్యాలి. ఎలాగంటారా?

దమనకుడి మీద కేసు పెట్టండి

పంచతంత్రంలో మిత్రభేదం తెలియని ఇల్లు ఉండదు. చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'లో రాశారు. ఆ భాష కొరుకుడు పడకపోతే వాడుక తెలుగులో బోలెడు పుస్తకాలున్నాయి. పింగళకుడనే సింహానికీ, సంజీవకుడనే ఎద్దుకీ ప్రాణస్నేహం. దమనకుడనే నక్కకి అది గిట్టదు. ఇతని మీద అతనికీ, అతని మీద ఇతనికీ చాడీలు మోస్తాడు. కరటకుడు వద్దన్నా వినడు. చివరికి సింహం ఎద్దును చంపేస్తుంది. మరి దమనకుడికి ఏమైంది? ఏమీ కాలేదు. రాజు పక్కన మంత్రిగా దర్జాగా కూర్చున్నాడు.

'వాడికి శిక్ష లేదా?' అని ఏ పిల్లయినా అడుగుతుంది. మన తెల్లకాయితంలో ఆ ప్రశ్నకి గడి లేదు.

ఈ ప్రశ్న ఎనిమిదో శతాబ్దంలోనే ఒకాయన్ని పీడించింది. ఆయన పేరు ఇబ్న్ అల్ ముకఫ్ఫా. అప్పటికే పంచతంత్రం పారశీకుల పహ్లవీ భాషలోకి వెళ్లింది. దాన్ని ఆయన అరబ్బీలోకి తెచ్చాడు. మన కరటక దమనకులే అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు, పుస్తకానికి పేరూ అదే. దుర్మార్గుడు అంత హాయిగా తప్పించుకుపోవడం మాత్రం ఆయనకి మింగుడు పడలేదు. మన కథలో లేని అధ్యాయం ఒకటి అందులో కనిపిస్తుంది. దిమ్నా మీద విచారణ అది, చేర్చింది ఆయనేనని పండితులు చెబుతారు. నక్కలిద్దరూ మాట్లాడుకుంటుంటే ఒక చిరుతపులి చాటుగా వింటుంది. వెళ్లి సింహం తల్లి చెవిన వేస్తుంది. సభ తీరుస్తారు. దిమ్నా తన తరఫున తానే మహా గడుసుగా వాదించుకుంటాడు. అయినా సాక్ష్యాలు గట్టిపడి, చివరికి ప్రాణమే పోగొట్టుకుంటాడు.

చూశారా, పన్నెండు వందల ఏళ్ల కిందట ఒక పాఠకుడు పుస్తకానికి చెప్పిన బదులు ఇది. ఆయన సారాంశం రాసి ఊరుకుని ఉంటే ఆ అధ్యాయమే ఉండేది కాదు.

పోయిన వేసవిలో గ్రంథాలయం అరుగు మీద మన పిల్లలు ఈ కోర్టు పెట్టారు. సింహం వేషం వేసినవాడే జడ్జి. దమనకుడి తరఫున ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నిలబడింది. నల్లకోటు దొరక్క వాళ్ల నాన్న వానకోటు తగిలించుకొచ్చింది. మే నెల ఎండలో వానకోటు! చెమటలు కక్కుతూ ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఇది: "నా క్లయింటు అబద్ధం చెప్పాడు, ఒప్పుకుంటున్నాం. నమ్మిందెవరండీ? రాజుగారు. ఎద్దుని పిలిచి 'నిజమేనా?' అని ఒక్క మాట అడిగారా? అడగలేదు. చంపిందెవరు? రాజుగారే. చంపినాయన బోనులో ఉండకుండా జడ్జి కుర్చీలో కూర్చున్నాడేంటండీ?"

సింహం దిక్కులు చూసింది. రోడ్డు మీద ఆటో ఆపుకుని చూస్తున్నాయన 'కరెక్టమ్మా!' అని అరిచాడు. అప్పటికప్పుడు జడ్జిని దింపి బోనెక్కించాల్సి వచ్చింది, కోర్టు ఇంకో గంట సాగింది.

ఆ పిల్ల ఈ వాదన ఎక్కడ పట్టుకుంది? పుస్తకంలోనే. సింహానికి అనుమానం ఏ మాటతో మొదలైంది, ఎద్దు ఎక్కడ భయపడింది, ఇద్దరూ ఎదురుపడ్డప్పుడు ఎవరు ముందు కొమ్ము విసిరారు అని కథను ముందుకీ వెనక్కీ తిరగేసి పెన్సిలుతో గీతలు పెట్టుకుంది. (గ్రంథాలయం పుస్తకం మీద గీతలేంటని లైబ్రేరియన్ గారు గట్టిగానే కేకలేశారు. పెట్టొద్దు పిల్లలూ, చీటీలు పెట్టుకోండి.) సారాంశానికైతే ఒకసారి పైపైన చూసినా గడిచిపోతుంది. కోర్టులో గడవదు. మా కోర్టుకి ఉన్న రూలు ఒక్కటే: ఎవరేం చెప్పినా అవతలి ప్లీడరు 'ఏ పేజీ?' అని అడగొచ్చు. పేజీ చూపించలేకపోతే ఆ సాక్ష్యం చెల్లదు.

పదో తరగతి దాటినవాళ్లకి ముద్దాయి సిద్ధంగా ఉన్నాడు. గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, గిరీశం అప్పటినుంచీ బోనెక్కకుండా తిరుగుతున్నాడు. పూటకూళ్లమ్మ డబ్బు కాజేసిన కేసు ఒకటి, చదువు చెప్పాల్సిన వెంకటేశానికి చుట్ట అలవాటు చేసిన కేసు ఇంకొకటి. ఆయన నోరు తెలుసుగా! ఆయన్ని అడ్డుకోగల ప్లీడరు మన ఊళ్లో ఉంటే చూడాలని ఉంది.

బుర్రకథ కట్టండి

కథ చెప్పాలంటే స్టేజీ, మైకు, మేకప్పు అక్కర్లేదు. ముగ్గురుంటే చాలని మనకి బుర్రకథ నేర్పింది. నడుమ తంబురా భుజాన వేసుకుని కథకుడు, చెరోవైపు గుమ్మెట్లు వాయిస్తూ వంతలు ఇద్దరు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధం చెప్పినా, అల్లూరి సీతారామరాజు కథ చెప్పినా నడిపించింది ఈ ముగ్గురి పద్ధతిలోనే.

దీన్ని పుస్తకానికి పెట్టి చూడండి. కథకుడికి కథ ఆమూలాగ్రం రావాలి. హాస్యం చెప్పేవాడు పుస్తకం చదవనివాళ్ల తరఫు మనిషి. తెలియనట్టు అడ్డం పడుతుంటాడు, 'అదేంటి గురూ, అంతలోనే ఎలా చచ్చాడు?' అని నిలదీస్తాడు. అసలు కష్టం మూడో మనిషిది. ఆ కథకీ మన ఊరికీ ఏం చుట్టరికం ఉందో తేల్చి చెప్పాల్సింది అతనే.

'రైలుబడి' తీసుకోండి. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన తన చిన్ననాటి కథ. ఒక బడిలోంచి పంపించేసిన చిన్న పిల్లని తల్లి తోమోయే అనే ఇంకో బడికి తీసుకెళ్తుంది. అక్కడ తరగతి గదులు పాత రైలు పెట్టెలు. హెడ్మాస్టరు కొబయాషి గారు మొదటిరోజే ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పడానికి ఆమె దగ్గర ఇంక ఏమీ మిగలనంత వరకూ, గంటల తరబడి వింటారు. 1945లో బాంబుదాడిలో ఆ బడి కాలిపోయింది. ఈ కథ చెబుతూ రాజకీయం వంత ఏమడగొచ్చు? 'మన బడిలో మన మాట ఎవరైనా ఎంతసేపు విన్నారు తమ్ముడూ?' అని అడగొచ్చు. టీచర్లకి కోపం రావచ్చు. రానివ్వండి, అదీ బుర్రకథలో భాగమే. తంబురా లేకపోయినా ఫరవాలేదు. స్టీలు బిందె, రెండు గరిటెలు, తాళం తప్పని ఒక పిల్లవాడు ఉంటే చాలు.

పాడటానికి సిగ్గుపడే పిల్లలుంటారు, వాళ్లని ముందుకి తొయ్యకండి. వాళ్లకి పటం ఉంది. తెలంగాణలో చెరియాల నకాషీ కళాకారులు పొడుగాటి గుడ్డ మీద కథంతా గళ్లు గళ్లుగా వేస్తారు. కథ చెప్పేవాళ్లు దాన్ని కొంచెం కొంచెం విప్పుతూ చూపిస్తారు. పాత క్యాలెండర్లు వెనక్కి తిప్పి మైదా జిగురుతో అతికిస్తే మనకీ అలాంటి పటం తయారు. పుస్తకం మొత్తానికి పదే గళ్లు ఇవ్వండి. ఏ పది ఘట్టాలు ఉంచాలి, ఏవి వదలాలి అన్నదగ్గరే అన్నాచెల్లెళ్లు జుట్లు పట్టుకుంటారు. ఆ తగువుని మధ్యలో ఆపకండి, పుస్తకం బుర్రకెక్కేది అక్కడే. ఒక్క షరతు: బొమ్మలు పిల్లలే వెయ్యాలి. జెరాక్సు షాపులో రంగుల ప్రింటు తీయించి అతికించిన చార్టులు చూసి చూసి మా కళ్లు కాయలు కాశాయి.

పార్వతీశం వెంట పడండి

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టరు పార్వతీశం' మొదటి భాగం వచ్చి నూరేళ్లు నిండాయి. మొగల్తూరు కుర్రాడు నిడదవోలులో రైలెక్కి, మద్రాసు చేరి, ఓడెక్కి ఇంగ్లండు పోతాడు. దారిపొడుగునా తెల్లబోవడమే పని. అరుగు మీద సుద్దముక్కతో ఆ దారంతా గీయండి, ఎక్కడెక్కడ పప్పులో కాలేశాడో రాయండి. అది సగం పని. మిగతా సగం, మీ సొంత పార్వతీశం కథ రాయడం. హైదరాబాదులో మెట్రో ఎస్కలేటరు ముందు అడుగు పడక మీ వెనక జనం ఆగిపోయిన రోజు, పెళ్లి బఫేలో ప్లేటు ఎక్కడ తీసుకోవాలో తెలియక తిరిగిన రోజు. అందరికీ ఒకటుంటుంది. పెద్దవాళ్లు కూడా రాయొచ్చు, మేం ఎవరికీ చెప్పం.

ఇంకో పని సెలవుల్లోనే కుదురుతుంది. చుట్టాలంతా ఒకచోట చేరతారు కదా. నామిని గారి 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు జిల్లా పల్లె మాటలో ఉంటుంది. ఖదీర్ బాబు గారి 'దర్గామిట్ట కథలు' నెల్లూరు సీమ మాటలో ఉంటాయి. అందులో ఒక కథ ఎంచుకుని మీ ఇంటి మాటలోకి తిప్పి చెప్పండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన బావ ఒకలా చెబుతాడు, కరీంనగర్ నుంచి వచ్చిన వదిన ఇంకోలా చెబుతుంది. ఎవరిది వాళ్లు ఫోనులో రికార్డు చెయ్యండి. అమెరికాలో పెరుగుతున్న మీ పెదనాన్న మనవలకి తెలుగు చదవడం రాకపోవచ్చు, వినడం వచ్చు. వాళ్లకి పంపండి, తిరిగి ఏమంటారో చూడండి. ఫోను వద్దంటున్నది మీరేగా అనకండి. ఫోనుతో మాకు పేచీ లేదు, దానిలో పడి నోరు మూసుకోవడంతోనే.

ఇంట్లో చదువురాని నానమ్మ ఉంటే మీ పంట పండినట్టే. రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చి పట్టుకుని చదివి వినిపించండి. చదివేటప్పుడు మధ్యలో ఆవిడ ఏమందో మాత్రం రాసుకోండి. 'దాని మొహం, అదేం కోడలు!' అందనుకోండి, అదే రాయండి. ఆ ముక్కలన్నీ వరసగా పేరిస్తే ఏ విమర్శకుడూ రాయలేని సమీక్ష అవుతుంది.

చందమామ 1947 జూలైలో మొదలైంది. దాంట్లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది, మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు వేసేవారు, రెండింటికీ జత కుదిరే మాటలు పాఠకులు రాసి పంపాలి. గ్రంథాలయం గోడ మీద ఈసారి మేం బొమ్మలు అంటిస్తాం, మాటలు మీరు అంటించండి. ఉత్తరాలు రాసేవాళ్లకి పోస్టుకార్డు ఇంకా అర్ధరూపాయే. రచయితకి రాయండి, లేదా పుస్తకంలోని మనిషికే రాయండి. రెండోవాళ్ల తరఫున జవాబు మా దగ్గర ఎవరో ఒకరు రాస్తారు.

నచ్చలేదని చెప్పే హక్కు

ఇది అమ్మానాన్నలు జాగ్రత్తగా చదవాలి. పుస్తకం నచ్చకపోతే సగంలో వదిలెయ్యనివ్వండి. 'డబ్బులు పోసి కొన్నాం' అని మెడ మీద కత్తి పెట్టకండి. ఏ పేజీలో ఆపావు, అక్కడ ఏం విసుగొచ్చింది అని మాత్రం అడగండి. విసుగెందుకొచ్చిందో కారణం చెప్పగలిగిన పిల్లకి చదవడం వచ్చినట్టే లెక్క.

టీచర్లకి ఒక మాట. గిజూభాయి బధేకా గారి 'పగటి కల' మీలో చాలామంది శిక్షణలో పేరు విని ఉంటారు. ఈ సెలవుల్లో చదవండి. అందులో లక్ష్మీరాం మాస్టారు నాలుగో తరగతి పిల్లలకి ముందు కథలు చెబుతాడు, తరగతిలోనే చిన్న గ్రంథాలయం పెడతాడు, ఆ కథలనే మాటలు బట్టీ పట్టించకుండా నాటకాలు ఆడిస్తాడు. పైవాళ్లు పరీక్షల సంగతేమిటని వెంటపడుతూనే ఉంటారు. తొంభై ఏళ్లు దాటిన పుస్తకం, నిన్న మన స్టాఫ్ రూములో కూర్చుని రాసినట్టుంటుంది. జూన్‌లో బడి తెరిచాక పుస్తక సమీక్ష మార్కులకి ఆ ఏడు గడుల కాయితం బదులు పిల్లల పటం, బుర్రకథ, కోర్టు వాదన తీసుకుంటామని మీరు ముందే ఒక్క మాటంటే చాలు, వేసవి అంతా వాళ్లని ఎవరూ తరమక్కర్లేదు.

పుస్తకాలెక్కడివంటారా? మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయం పన్ను కలిపే కడుతున్నాం. ఆ బీరువాల్లో ఉన్నవి మన పుస్తకాలే, తాళం తీయించుకోవడం మన పని. 1914లో బెజవాడలో సభ పెట్టి అయ్యంకి వెంకటరమణయ్య గారూ ఆయన తోటివారూ ఊరూరా గ్రంథాలయం కావాలన్నారు. తర్వాత పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకి పంపారు. మనకి పడవ అక్కర్లేదు, సందు చివరిదాకా నడిస్తే చాలు. సొంతంగా కొనదలిచినవాళ్లకి మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి.

ఇక పని

ఈ ఆదివారం మొదలు ప్రతి ఆదివారం సాయంత్రం అయిదున్నరకి, ఎండ తగ్గాక, గ్రంథాలయం అరుగు మీద కూర్చుంటాం. రుసుము లేదు. ఫస్టు సెకండు బహుమతులు లేవు, షీల్డులు లేవు. ఫ్లెక్సీ వెయ్యం, నాయకుల్ని పిలవం, శాలువాలు కప్పం. పిల్లలు చెబుతుండగా వీడియో తీసి స్టేటస్ పెట్టాలనుకునే తల్లిదండ్రులు కాసేపు చేతులు కట్టుకుని వినాలి. మజ్జిగ మేం పోస్తాం, గ్లాసు మీరు తెచ్చుకోండి. బడులు తెరిచే ముందు వచ్చే ఆఖరి ఆదివారం ఊరందరి ముందూ ఆడతాం.

మొదటి ఆదివారం కోర్టు. దమనకుడు దొరికాడు, ఎద్దు తరఫు ప్లీడరు కావాలి. కరటకుణ్ణి సాక్షిగా పిలవాలా, ముద్దాయిగా నిలబెట్టాలా అన్నది ఇంకా తేలలేదు, చదువుకుని రండి. జడ్జిగా ఈసారి సింహాన్ని పెట్టడం లేదు. అరవై దాటినవాళ్లెవరైనా ముందుకొస్తే కుర్చీ వేస్తాం.

ఈ కాయితం చదివాక పకోడీలు కట్టడానికి వాడకుండా పక్కింటికి ఇవ్వండి. వెనకవైపు కావాలనే ఖాళీగా వదిలాం. మీ పిల్లలు ఏ పుస్తకం చదువుతున్నారో, దానికి ఏం చెయ్యదలిచారో అక్కడ వాళ్ల చేతే రాయించి శనివారం లోపు లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టండి.

ఇట్లు
మన ఊరి గ్రంథాలయం పాఠకులు